మీథేన్‌కు కప్పిన రగ్గు

డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, మనకు తెలిసింది ఊరందరికీ చెప్పేదాకా నిద్రపట్టదు. నాకైతే ఆ తొందరకు జీతం కూడా ఇస్తామన్నారు. మొయినాబాద్‌లో ఒక చిన్న సంస్థ. పేడను కుప్పలుగా కుళ్లబెట్టకుండా గోబర్ గ్యాస్‌కు వాడేలా రైతులను ఒప్పించడం నా పని. మొదటి ఊరు ఆ పక్కనే ఉన్న హిమాయత్‌నగర్. అక్కడ పాలకేంద్రం నడిపే అన్న ఒప్పుకుంటే బర్రెలున్న వాళ్లందరూ ఒప్పుకుంటారు. ఆయన కాదంటే నా ఉద్యోగం అక్కడితో సరి. ఈ సంగతి మా మేనేజర్ సార్ మర్యాదగానే చెప్పారు.

భూమి చుట్టూ వేడిని పట్టి ఉంచే వాయువుల లెక్కలు అంకెలతో చెబితే ఎవరూ వినరని, దుప్పట్లతో చెప్పాలనుకున్నాను (ఎండాకాలంలో; ఆలోచన ఎంత గొప్పదో మీరే చూడండి). సంఘం భవనంలో సభ. ఊరంతా పెద్దబాపు అని పిలిచే మాజీ సర్పంచ్‌ను ముందుకు రమ్మని, ఇది కార్బన్ డయాక్సైడ్ అంటూ పలుచని దుప్పటి కప్పాను. జనం చప్పట్లు కొట్టారు. పాలకేంద్రం అన్నకు ఇది కుళ్లే పేడలోంచి వచ్చే మీథేన్ అంటూ మందపాటి రగ్గు కప్పాను. చప్పట్లు ఇంకా గట్టిగా పడ్డాయి. సభలో ఒకరి భుజాల మీద గుడ్డ కప్పితే మా దగ్గర అది సన్మానమే తప్ప సైన్సు కాదని నాకప్పుడు వెలిగింది. (యూరియా నుంచి వచ్చే నైట్రస్ ఆక్సైడ్ కోసం తెచ్చిన రజాయి, అన్నిటికన్నా బరువైనది, సంచిలోనే ఉండిపోయింది.)

పెద్దబాపు తన దుప్పటి అంచును రెండు వేళ్లతో నలిపి చూసుకుని, పక్కాయన రగ్గు వైపు చూశాడు.

"ఏం బిడ్డా, నాకు గీ పల్చటిదా? గీయనకు రగ్గా?"

కిలోకు కిలో చూస్తే మీథేన్ పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుందని, అందుకే రగ్గు అని వివరించాను. పాతిక రెట్లు అనే మాట ఆయనను మరింత బాధపెట్టింది.

"మీది పల్చటిదే గని బాపు, వందల ఏండ్లుంటది. రగ్గు పన్నెండేండ్లల్ల మాయమైతది" అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. ఆ మాటను ఇంకోసారి మైకులో చెప్పమన్నాడు. చెప్పాను.

ఈసారి రగ్గులోంచి మాట వచ్చింది. "అంటే మేడం, నేను పన్నెండేండ్లకు పోతనా?"

ముందు వరుసలో ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుకో, ఏడుపుకో తెలియలేదు. నా ఉద్యోగానికి ఊపిరాడటం లేదు. మీథేన్ త్వరగా పోతుంది కాబట్టే దాన్ని ఇప్పుడు తగ్గిస్తే ఫలితం మన కళ్లతో మనమే చూస్తామని, పెద్దబాపుది ఇవాళ ఆపినా ఇప్పటిదాకా పేరుకున్నది అలాగే ఉంటుందని, అందుకే ముందుగా అన్న కొట్టంలోనే పని మొదలుపెట్టాలని గబగబా చెప్పాను.

"పెద్దబాపు కన్న ముందుగాలనా?" అని ఖాయం చేసుకుని అన్న ఒప్పుకున్నాడు.

చెమటలు కారుతున్నా సభ అయ్యేదాకా ఇద్దరూ కప్పినవి తీయలేదు. వాటితోనే ఇళ్లకు వెళ్లిపోయారు (అవి చేవెళ్లలోని మా అమ్మ పెట్టెలోవి, ఆ సంగతి ఇంట్లో చాలాకాలం విన్నాను). మేనేజర్ సార్ నా ఉద్యోగం పక్కా చేస్తూ, ఇకమీదట సభల్లో ఎవరికీ ఏమీ కప్పొద్దని మాత్రం చెప్పారు.

ఇప్పుడు నా పాపకు రెండేళ్లు. నిద్రలో దుప్పటి కింద చెమట పట్టిందేమోనని దాని మెడ తడుముతూ లెక్క వేసుకుంటాను: ఇవాళ గాలిలో కలిసిన మీథేన్ పాప హైస్కూలు దాటేసరికి చాలావరకు పోతుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం దాని మనవల దాకా ఉంటుంది. ఈ లెక్క నాకు అప్పుడూ తెలుసు. ఒక పెద్దాయన అలక తీర్చడానికి దాన్ని శుభవార్తలా మైకులో రెండోసారి కూడా చెప్పిన ఆ అమ్మాయిని తలచుకుంటే నవ్వొస్తుంది. అంత హుషారుగా ఆ మాట నేనిప్పుడు చెప్పలేను.