మా అక్కయ్య పొట్టు పొయ్యి

మా తోడికోడలు, నేను యాభై ఏళ్ళు అక్కయ్యా అని పిలిచిన మనిషి, పోయిన మంగళవారం తెల్లవారుజామున కన్నుమూసిందని ఫోనొచ్చింది. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయమని పిల్లలు అడిగారు. రాస్తాను గానీ, ముందే చెప్పేస్తున్నా. ఆవిడంటే నాకు కుళ్ళు. ఇప్పటికీ ఉంది.

డెబ్బయిల్లో నేను పటమటలో కాపురానికి వచ్చేసరికి కిరోసిన్ క్యూలో నిలబడి కాళ్ళు పీకేవి. గ్యాసు మాబోటివాళ్ళకు మాటల్లోనే. ఇంట్లో ఉన్నది ఒక్కటే పొట్టు పొయ్యి. ఒక వారం ఆవిడ వంట, ఒక వారం నాది. ఇనప డబ్బా నడుమ సీసా నిలబెట్టి, అడుగు కన్నంలోంచి కర్ర దూర్చి, చుట్టూ సామిల్లు నుంచి తెచ్చిన రంపప్పొట్టు దట్టించాలి. తర్వాత సీసా, కర్ర లాగేస్తే మధ్యలో మంటకు దారి మిగులుతుంది. ఆవిడ లాగితే చిటికెడు పొట్టు కూడా రాలేది కాదు. నేను లాగితే సగం కూలేది, ఇల్లంతా పొగే.

ఒక్క దట్టింపుతో ఆవిడ అన్నం, పప్పు, కూర దించి, మిగిలిన సెగ మీద స్నానాలకు నీళ్ళు కాచేది. కూరలు తరిగి, పప్పు నానబెట్టి, అన్నీ పక్కన పెట్టుకున్నాకే అగ్గిపుల్ల గీసేది. "సెగ ఊరికే పోతుంటే నా ప్రాణం ఒప్పదే" అనేది. నా వారంలో మధ్యాహ్నానికే రెండోసారి దట్టించాల్సి వచ్చేది. అత్తయ్యగారు నాకు వినబడేలా, "పెద్దదాని చేతిలో ఏముందో గానీ!" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ నోటి నుంచి నా వంటకు ఒక్క మంచి మాట వినాలని ఉండేది, అంతే.

ఓ ఆదివారం పాస్టరుగారు భోజనానికి వస్తానన్నారు. ఆ వారం అక్కయ్యది. అన్నం వండి దించి, మాంసం పొయ్యి మీద పెట్టి, మంట తగ్గడానికి అడుగు కన్నానికి ఇటుకముక్క అడ్డం పెట్టి చర్చికి బయల్దేరింది. మేం తిరిగొచ్చేసరికి మెత్తగా ఉడికిపోతుందన్నమాట. వీధి చివర దాకా వెళ్ళి, "బైబిలు మర్చిపోయానండీ అత్తయ్యగారూ" అని నేను వెనక్కి పరుగెత్తాను. గిన్నె దించి, గరిటె కాడతో పొట్టును ఒక్క పోటు పొడిచాను. అది కూలి మంటను కప్పేసింది. గిన్నె మళ్ళీ ఎక్కించి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి చర్చిలో అక్కయ్య పక్కనే కూర్చున్నాను.

పాస్టరుగారు ఆ పూట ఆవకాయ, మజ్జిగతో సరిపెట్టుకున్నారు. "ఇదేం వంటే! పరువు తీశావు" అని అత్తయ్యగారు అందరి ముందూ అనేశారు. అక్కయ్య కూలిన పొట్టు చూసింది. గరిటె కాడకు అంటిన పొట్టు చూసింది. నన్ను చూసింది. "సరిగ్గా దట్టించలేదండీ, తప్పు నాదే" అంది.

మర్నాడు నన్ను పిలిచి, "కూర్చోవే. సీసాని తిప్పుతూ లాగాలి, పెరికినట్టు కాదు" అని నా చేతి మీద చెయ్యి వేసి నేర్పింది. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నెల తిరక్కుండా నా పొయ్యీ సాయంత్రం దాకా నిలిచింది. అత్తయ్యగారు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు నాకు రుచించలేదు.

మొన్న అక్కయ్యను పడుకోబెట్టిన పెట్టె దగ్గర వాళ్ళమ్మాయి నన్ను పట్టుకుని ఏడుస్తూనే నవ్వింది. "అమ్మ జన్మలో వంట చెడగొట్టింది ఒక్కసారేనట పిన్నీ. పాస్టరుగారి భోజనం రోజు పొయ్యి సరిగ్గా దట్టించలేదట. ఆస్పత్రిలో కూడా చెప్పింది."

చూశారా, నా తప్పు కూడా తనే పట్టుకుపోయింది! కన్నకూతురికి కూడా చెప్పలేదు. అంత గుండె నాకెందుకు లేదని ఆ పెట్టె పక్కనే నిలబడి కుళ్ళుకున్నాను. "కాదే, అది నేనే" అనబోయాను. అంతలో పాట ఎత్తుకున్నారు. అమ్మాయి కళ్ళు తుడుచుకుని, పాటల పుస్తకం తెరిచి, సగం నా వైపు పట్టుకుంది.