కొడవలి పిడి ఎవరి పక్క ఉండాల?

ఇది కత్తుల కథ. తరాల పగలు, మాట వినని సామంతులు, అందనంత దూరంలో రాజు, అంతకంటే దూరంలో దేవుడు. చివర్లో ఒక వీరుడు మోకరిల్లి ఆయుధం అప్పగిస్తాడు. చదివినవాళ్ళకు వారం రోజులు నిద్ర పట్టదు.

పడుతుంది లెండి. ఇది నా ఎమ్మే సెమినారు, ఒక తూము, మా జేజినాయన మోకాళ్ళ నొప్పి గురించి.

బళ్ళారిలో చరిత్ర ఎమ్మే చదివేటప్పుడు సెమినారు అంశాలకు చీటీలు తీయించారు. నా స్నేహితురాలికి విజయనగరం వచ్చింది. బస్సెక్కితే చాలు, రాళ్ళతో సహా కనబడుతుంది. నాకు స్కాట్లండు వచ్చింది. పాతకాలపు స్కాట్లండు రాజకీయం, సమాజం, నమ్మకాలు, అన్నీ ఇరవై నిమిషాల్లో చెప్పాలట. అక్కడివాళ్ళకే కొన్ని వందల ఏళ్ళు పట్టింది పాపం.

ఆ ఆదివారం కంప్లి దగ్గర మా ఊళ్ళో, వసారాలో నిలబడి గట్టిగా సాధన మొదలుపెట్టాను. వినేవాళ్ళు ఇద్దరు: జేజినాయన, అంటే మా నాన్న వాళ్ళ నాన్న, ఇంకా జేజి. వాళ్ళ కోసం తెలుగులోనే చెప్పాను. టీవీ ముందు కూడా కునుకు తీసే జేజినాయన రెండో నిమిషానికే లేచి కూర్చున్నాడు.

"వాళ్ళ రాజు యాడుంటాడు పాపా?"

"దూరంగా. చాలాసార్లు చిన్నపిల్లోడే రాజు."

"అట్లయితే పని నడిపేది ఊళ్ళల్లో పెద్దతలకాయలే అను."

ఆ ముక్క చెప్పడానికి నా పేపర్లో మూడు పేజీలు పట్టింది.

నీ మిత్రుడు నాకు మిత్రుడు, నీ శత్రువు నాకు శత్రువు అని చిన్నవాడు పెద్దవాడికి కాగితం రాసిచ్చేవాడని చెప్పాను. "నోటిమాట చాల్లేదా వాళ్ళకు?" అని నొచ్చుకున్నాడు. సరిహద్దు పల్లెల్లో మగబిడ్డ మీద చర్చిలో పవిత్రజలం చల్లేటప్పుడు కుడిచెయ్యి తడవకుండా చూసేవాళ్ళని, ఆ చేత్తో పగ తీర్చుకుంటే పాపం అంటదని నమ్మేవాళ్ళని ఒక కథ ఉంది. మాదీ సరిహద్దు జిల్లానే. జేజినాయన తన కుడిచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. తర్వాతి కాలంలో చర్చి పెద్దలు తప్పు చేసినవాళ్ళను ఆదివారాలు అందరి ముందూ పీట మీద కూర్చోబెట్టేవాళ్ళని చెప్పేసరికి జేజికి ప్రాణం లేచొచ్చింది.

"ఈయనకూ ఒకటి చేపిద్దాం. ఎత్తుగా."

ఆమె కోపానికి కారణముంది. ఎనిమిదేళ్ళ కిందట ఈయన తన చిన్నాయన కొడుకును, వరసకు తమ్ముణ్ణి, తూము దగ్గర, పదిమందిలో, నీళ్ళదొంగ అన్నాడు. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. వాళ్ళ చేను పైన, మాది కింద, తూము మాత్రం ఇద్దరికీ ఒకటే. కాలువ నిండుగా పారినన్నాళ్ళూ మౌనంగానే వరి పండింది. ఈ ఏడు కాలువ సన్నబడింది. పొట్టకొచ్చిన మా వరి కింద నేల నెర్రెలు విచ్చింది. నాలుగు రోజుల్లో వంతు మాట్లాడుకోకపోతే అది గడ్డే.

"పగొచ్చినోళ్ళు మల్లా ఎట్ల కలుస్తారంట?" అన్నాడు జేజినాయన, పైకప్పును అడిగినట్టు.

పేపర్లో ఉన్నది చెప్పాను: తప్పు చేసినవాడు తలపాగా, పైబట్టలు లేకుండా ఒట్టి చొక్కాతో వస్తాడు. మోకరిల్లి, కత్తి మొన తను పట్టుకుని పిడి అవతలివాడికి చాపుతాడు. పొడుస్తావో, లేపుతావో నీ ఇష్టం అని.

సోమవారం పొద్దున నేను బస్సుకు బయల్దేరుతుంటే గడపలో అడ్డం నిలబడ్డాడు. చేతిలో కొడవలి.

"పిడి ఎవరి పక్క ఉండాల?"

"అవతలాయన పక్క."

"నువ్వూ రా. తప్పుపోతే చెప్దువు."

బస్సు పోతే పోయింది! పుస్తకంలోంచి చరిత్ర లేచి మా గట్టు మీద నడుస్తుంటే బస్సెవరికి కావాలి? స్కాట్లండులో ఒట్టి చొక్కాతో రావడం అవమానం. మా జేజినాయన చేనికి రోజూ చొక్కా లేకుండానే పోతాడు కాబట్టి, అవమానం కోసం ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. భుజం మీది టవలు తీసి నాకిచ్చాడు.

తూము దగ్గర ఆ తమ్ముడు ఒక్కడే ఉన్నాడు. మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. జేజినాయన మోకరిల్లబోయాడు, సగం దాకా వంగాక మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆ సగంలోనే ఆగి, కొడవలి చాపాడు. తీసుకుంటాడా? తీసుకుని...

తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"కింద పెట్టన్నా! ఇనుము చేతికిస్తే కొట్లాటొస్తాది!"

ఎనిమిదేళ్ళ తర్వాత తొలి మాట అది. కొట్లాట వస్తుందని భయం! మా ఊళ్ళో కత్తెరైనా సరే నేల మీద పెడితేనే తీసుకుంటారు. ఆ సంగతి నా పేపర్లో ఎక్కడా లేదు. జేజినాయన కొడవలి గట్టు మీద పెట్టాడు. తమ్ముడు వంగి తీసుకుని, పిడి తిప్పి చూశాడు.

"ఇది నాది. అప్పుడెప్పుడో తీసుకపోతివి. ఇప్పుడు చెప్పు, ఎవరు దొంగ?"

"నేనేలేప్పా. ఆ పొద్దు ఆ మాట అనింది తప్పు."

"ఆయ్తు బిడన్నా, అయిందేదో అయిపాయ. ముందు నువ్వు లెయ్యి, నడుము పట్టేస్తాది."

లేపింది మేమిద్దరం, చెరో చెయ్యీ పట్టుకుని.

ఇప్పుడు వంతు ప్రకారం బుధ, శనివారాలు పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా తూము మాది. గేటు తిప్పే హ్యాండిల్ వాళ్ళింట్లో నీళ్ళతొట్టి పక్కన ఉంటుంది. వాడినాక కడిగి అక్కడే పెట్టాలి.