ఉలిగప్ప కట్టిన ఉప్పు మూటలు

ఉలిగప్ప తన ఉద్యోగం గురించి మొదలుపెడితే ఎదుటివాడి బస్సు వెళ్లిపోతున్నా ఆపడు. పెనుకొండ దగ్గర ఒక రంగుల ఫ్యాక్టరీలో అతనిది చెత్త యార్డు పని. వాడిన నీళ్లను అక్కడ మరగబెట్టి ఆవిరి చేస్తారు. అడుగున మిగిలే ఉప్పును సంచులకెత్తి, మూతులు కట్టి, లారీకి ఎక్కించాలి. అది విషపు ఉప్పు. ఎక్కడో దూరాన, అందుకోసమే కట్టిన చోట పూడ్చాలి.

"మా కంపెనీ చుక్క నీళ్లు బయటికి ఇడ్సదప్పా" అని హిందూపురం సంతలో గొర్రెల బేరగాళ్లకు కూడా చెప్పేవాడు. ఊళ్లో వాళ్లు అతన్ని కంపెనీ అల్లుడని ఆటపట్టించేవారు. అతను మాత్రం మురిసిపోయేవాడు.

ఆ లారీలు తిమ్మరాజువి. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే మంద వెంట తిరిగి, ఒకే సంగటి ముద్ద తుంచుకు తిన్నవాళ్లు. ఈ పని పెట్టించిందీ తిమ్మరాజే. అందుకే అతని మాటంటే ఉలిగప్పకు వేదవాక్కు.

ఈ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊరి దగ్గర మేత లేక ఉలిగప్ప భార్య కదిరమ్మ మందను కొండ వెనక్కి తోలింది. అక్కడ రాళ్లు కొట్టి వదిలేసిన గుంతలో తెల్లగా కుప్పలు కనిపించాయి. గొర్రెలకు ఉప్పంటే ప్రాణం. ఎండలు ముదిరినప్పుడు వాటికి ఉప్పు నాకించడం కాపరుల ఇళ్లలో అలవాటే. కదిరమ్మ చిటికెడు తీసి నాలుకకు రాసుకుని చూసింది. ఉప్పగానే ఉంది, కొంచెం చేదు. చవుటి ఉప్పే అనుకుని, దేవుడిచ్చాడని దండం పెట్టుకుని, మందను వదిలింది.

తెల్లారేసరికి సగం మంద నురగలు కక్కి పడిపోయింది. పశువుల డాక్టరు వచ్చేలోగా ఇంకొన్ని పోయాయి. కదిరమ్మ చెప్పిన గుంతకు ఉలిగప్ప పరుగెత్తాడు. కుప్పల అడుగున, చిరిగిన సంచుల మూతికి నీలం తాడు, దానికి గొర్రెను కట్టే ముడి. ఫ్యాక్టరీలో ఆ ముడి వేసేది అతనొక్కడే. దూరాన పూడ్చాల్సిన మూటలను తిమ్మరాజు లారీలు ఇక్కడే దించేసి పోయాయి.

అక్కడినుంచి నేరుగా ధర్మవరంలోని తిమ్మరాజు ఇంటికి పోయాడు. తిమ్మరాజు మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఏమప్పా ఇట్ల చేసినావు? నా మందంతా సచ్చిపోయెనే!"

"ఆడికి ఎవురూ రారని నువ్వే కదబ్బా చెప్పినావు?"

నిజమే, చెప్పాడు. ఒకనాడు టీ తాగుతూ ఆ గుంత కాడికి ఎవరన్నా పోతారా అని తిమ్మరాజు అడిగితే, చిన్ననాటి చోటు గుర్తొచ్చి అడుగుతున్నాడని సంబరపడి, గడ్డిపరక లేని చోటికి ఎవరు పోతారని నవ్వాడు.

"ఆఫీసర్లకు చెప్తా" అన్నాడు ఉలిగప్ప.

"చెప్పుపో. మూటలు కట్టింది నువ్వు, ఎక్కించింది నువ్వు, గుంత చూపించింది నువ్వు. నేను లారీవాణ్ణి" అన్నాడు తిమ్మరాజు నిదానంగా.

నమ్మించి గొంతు కోయడమంటే ఇదే. ఉలిగప్ప ఏడవలేక, తిట్టలేక బస్సెక్కాడు. పోతే పోయిందిలే ఉద్యోగం, కదిరమ్మతో మాట్లాడి పొద్దున్నే పోయి అంతా చెప్పేద్దామనుకున్నాడు.

అతను ఇల్లు చేరేలోపే తిమ్మరాజు ఫోన్ చేరింది.

"గుంత చూపించింది నువ్వేనంట. అవునా, కాదా?" అంది కదిరమ్మ.

అవునంటే ఒక తప్పు, కాదంటే ఇంకో తప్పు. ఉలిగప్ప నోరు పెగిలేలోపే ఆమెకు జవాబు దొరికిపోయింది.

"నాకొక్కదానికి చెప్పుండింటే, ఆ పక్కకు తోలేదాన్నే కాదు కదా" అంది.

కోపంతో అని ఉంటే అతను ఓర్చుకునేవాడే. ఆమె ఏడుస్తూ అంది. తనకేమీ తెలియదని తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాడు. కదిరమ్మ వినలేదు. బతికిన నాలుగు గొర్రెలను ముందు పెట్టుకుని తన అన్న ఊరికి దారి పట్టింది.