టిక్కెట్ల మావ నింపించిన గడి

టిక్కెట్ల మావ పోయాడన్న కబురు నాకు టెక్కలిలో, నేను పాఠాలు చెప్పే బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టిన కాసేపటికి తెలిసింది. అమ్మ పలాస నుంచి ఫోన్ చేసి "మావ లేడే" అంది. ఎక్కడికెళ్లాడని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఊళ్లోవాళ్లందరినీ ఎక్కడెక్కడికో పంపిన ఆ మనిషి తాను మాత్రం ఎక్కడికీ వెళ్లి ఎరగడు.

కాశీబుగ్గ బస్టాండు పక్కన రైలు టిక్కెట్లు చేయించుకున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆ కొట్టు గుర్తుకొచ్చే ఉంటుంది. ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఆయన మాకు చుట్టం కాదు, మా వీధివాడు. అమ్మ అన్నయ్యా అని పిలిచేది కాబట్టి నాకు మావ. మేం బాప్టిస్టు చర్చికి వెళ్లేవాళ్లం, ఆయన శనివారం కొబ్బరికాయ కొట్టేవాడు. ఆ తేడా ఆయనకు ప్రశ్నలు వేయడానికి ఇంకో అవకాశం అంతే. "కోడలా, మీ పాస్టరుగారు బాప్తిస్మం ఇచ్చినప్పుడు నీళ్లు మరీ సల్లగుంటే ఏటి సేత్తారు? కాసి పోత్తారా?" అని ఒకసారి చాలా సీరియస్‌గా అడిగాడు. నేనూ వెళ్లి పాస్టరుగారిని కనుక్కుని వచ్చి చెప్పవలసి వచ్చింది.

ఆయనకు నిబంధనల పిచ్చి. రైల్వేవాళ్ల కాగితమైనా, విమానం కంపెనీవాళ్లదైనా, కింద స్కేలు పెట్టుకుని ఒక్కో వరుసా దించుకుంటూ చదివేవాడు. "సిన్న అచ్చరాల్లోనే పెద్దమనుసులుంటారు" అనేవాడు. మనం విసుక్కుంటే స్కేలు ఆపి, కళ్లజోడు మీదుగా చూసి మళ్లీ మొదటి వరుస నుంచి మొదలుపెట్టేవాడు. విసుక్కోకుండా ఉండడం మేము అలా నేర్చుకున్నాం.

కరోనా వచ్చాక ఆయనకు చేతినిండా పనే. ఇవాళున్న రూలు రేపుండేది కాదు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్లాలంటే ఏ కాగితం కావాలో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతుంటే, ఆయన స్కూటరేసుకుని సరిహద్దు దాకా పోయాడు. అక్కడ పట్టుకుని పరీక్ష చేసి వెనక్కి పంపారు. మనమైతే తిట్టుకుంటూ వస్తాం. ఆయన సంబరంగా వచ్చాడు. "ముక్కులో పుల్ల ఎంత లోపలికెల్తాదో ఇప్పుడు ఎవులడిగినా సెప్పగలను" అన్నాడు. వారం రోజులపాటు అందరికీ చెప్పాడు కూడా.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది అమ్మ ప్రయాణం సంగతి. ఆంక్షలు సడలుతున్న ఏడాది మా సంఘం నుంచి కొందరు జెరూసలేం యాత్రకు బయలుదేరారు. అమ్మ ఎన్నో ఏళ్ల కోరిక అది. విమానం ఎక్కేముందు పరీక్ష, దిగాక పరీక్ష, కరోనా వస్తే వైద్యం చేయించే ప్రయాణ ఇన్సూరెన్సు తప్పనిసరి. మావ రెండు కంపెనీల పుస్తకాలు ముందేసుకుని కూర్చుని, ఫోను స్పీకరులో పెట్టి వాళ్ల ఆఫీసు అమ్మాయిని అడిగాడు.

"అమ్మా, జొరమొచ్చి ఆసుపత్రిలో సేరితే మీరిత్తారు, బాగుంది. జొరం నేదు, దగ్గు నేదు. పరీచ్చలో మాత్రం ఉందని తేలింది. గదిలోంచి కదలొద్దన్నారు. అప్పుడది జబ్బా, కాదా?"

"ఒక్క నిమిషం సార్" అని ఆ అమ్మాయి పాట పెట్టింది. మావ ఆ పాట కూడా శ్రద్ధగానే విన్నాడు. మూడుసార్లు ఫోన్ చేశాక తేలిందేమిటంటే, మొదటి కంపెనీ ఆసుపత్రి ఖర్చే ఇస్తుంది, గదిలో విడిగా ఉంచితే దానికేమీ ఇవ్వదు. రెండో కంపెనీ అక్కడి ప్రభుత్వం ఉండమని ఆదేశిస్తే గదికీ, మార్చుకున్న టిక్కెట్టుకీ కూడా ఇస్తుంది. రెండోదే తీసుకున్నాం.

ఫారం నింపింది నేను. ఇప్పటికే ఉన్న జబ్బులు అన్న గడిలో అమ్మను అడక్కుండానే 'లేవు' అని రాసేశాను. అబద్ధమని తెలిసే రాశాను. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో పొలానికి పోయేవాడి నుంచి పిల్లల దాకా అందరికీ తెలిసిన మాట క్రియాటినిన్. రక్తంలో ఆ అంకె ఒకటికి అటూ ఇటూగా ఉండాలి. పెరుగుతుంటే కిడ్నీ దెబ్బతింటున్నట్టు. ఎవరికి ఎంతుందో మాత్రం ఎవరూ చెప్పరు. పెళ్లికావలసిన పిల్లలున్న ఇంట్లో అసలే చెప్పరు. అందుకే మా వైపు చాలా ఇళ్లలో రెండు రిపోర్టులుంటాయి. ఒకటి చూపించడానికి, ఇంకోటి బియ్యం డబ్బాలో.

మావ రక్తపరీక్ష కాగితం అడిగితే అమ్మ ఆ చూపించే రిపోర్టే తెచ్చి ఇచ్చింది. ఆయన తేదీ చూశాడు. "ఇది కరోనా రాకముందుది కదే సెల్లీ" అన్నాడు.

నాకు కోపం వచ్చి, పాత జబ్బుకి ఎలాగూ డబ్బు ఇవ్వరు కదా, రాసి ప్రయోజనమేంటని అడిగాను.

"పాతదానికి ఇవ్వరు. కొత్త జబ్బుకిత్తారు. పాతది దాసినావని తెలిత్తే కొత్తదానిక్కూడా ఇవ్వరు. కాగితం మనకి సుట్టం కాదు కోడలా, మొగమాటపడదు."

"అది రాత్తే రేపు మా సిన్నదాన్ని ఎవులు సేసుకుంతారన్నియ్యా?" అంది అమ్మ. చెల్లి అప్పటికి డిగ్రీలో ఉంది.

మావ లేచి షట్టరు సగం దించాడు. వచ్చి మళ్లీ కూర్చుని, మామూలు గొంతుతోనే అన్నాడు. "నాది నాలుగు దాటింది. మీ వదినకి తప్ప ఎవులికీ తెల్దు. ఇప్పుడు నీకు తెల్సింది. ఇంక నీది సెప్పు."

అమ్మ చాలాసేపు కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "రెండు పాయింటు ఒకటి" అంది చివరికి. నేను జిరాక్సు మిషను వైపు తిరిగాను. మావ నేను నింపిన ఫారం చింపేసి, కొత్తది ప్రింటు తీసి, ఆ గడి తన చేత్తోనే నింపాడు.

యాత్రలో నాలుగో రోజు, బెత్లెహేములో, అమ్మకు జ్వరం తగిలింది. పరీక్షలో కరోనా అని తేలింది. మిగతావాళ్ల బస్సు ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, వెళ్లిపోయింది. భాష రాని ఊళ్లో అమ్మ ఒక్కతే. మర్నాడు పొద్దున్న ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, ఒళ్లంతా నొప్పులే, సూదిమందు ఏదో వేస్తామంటున్నారని చెప్పింది. నేను మావకు ఫోన్లో సంగతి చెప్పి కొట్టుకు పరుగెత్తాను. నేను చేరేసరికే మావ ఇన్సూరెన్సువాళ్ల నంబరు కలిపి ఉంచాడు. అవతల వాళ్ల డాక్టరు ఫారం తెరిచి చూసి మొదట అడిగిన ప్రశ్న, "ఈమెకు కిడ్నీ సమస్య ఉందని రాశారు, ఆ సంగతి అక్కడి డాక్టర్లకు చెప్పారా?" అని. చెప్పలేదు. అమ్మకు చెప్పే భాష లేదు, ఉన్నా చెప్పేది కాదేమో. ఆ డాక్టరే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆ నొప్పుల సూది కిడ్నీకి మంచిది కాదని ఆపించి వేరే మందు ఇప్పించాడు. దెబ్బతిన్న కిడ్నీలకు నొప్పుల మందు విషమని మా ఉద్దానంలో అందరికీ తెలుసు. అక్కడివాళ్లకు ఎలా తెలుస్తుంది? నేను రాసిన 'లేవు' ఆ కాగితం మీద ఉండి ఉంటే, ఆ డాక్టరు ఆ ప్రశ్న అడిగేవాడే కాదు.

అమ్మ రెండు రోజులు ఆసుపత్రిలోనూ, తర్వాత వారం హోటలు గదిలోనూ ఉండి, ఒంటరిగా విమానమెక్కి వచ్చేసింది. మావ చూడ్డానికొచ్చి, ఒంట్లో ఎలా ఉందని అడగ్గానే మొదలుపెట్టాడు. "ఆ గది కిటికీ తెరుసుకునేదా? అన్నం తలుపుకాడ పెట్టీసి పోయీవోళ్లా, తలుపు కొట్టి పిలిసీవోళ్లా? గిన్నెలు ఎవులు కడిగీవోళ్లు?" అమ్మ మూడు గంటలు చెప్పింది. ఆయన కదలకుండా విన్నాడు. యేసు పుట్టిన చోటు చూసి వచ్చిన మనిషిని గిన్నెల సంగతి అడిగినవాడు ఆయనొక్కడే.

తర్వాత కొట్టు వారానికి మూడు రోజులు మూసి ఉండేది. "ఇప్పుడే వస్తాను" అని అట్ట వేలాడేది. డయాలసిస్‌కు వెళ్తున్నాడని మాకు తెలుసు. ఊరికి మాత్రం ఆఫీసు పనని చెప్పేవాడు. మనవరాలు పెళ్లికి ఎదిగి ఉంది. ఒకరోజు ఉండబట్టలేక, మాచేత నిజం రాయించి నువ్వు దాచుకోవడమేంటి మావా అని అడిగేశాను. నవ్వాడు. "నన్ను ఏ ఫారమూ అడగనేదు కోడలా" అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మావ పోయిన సాయంత్రం నేను పలాస చేరేసరికి ఆయన వాకిలి నిండా జనం. గుండె ఆగిపోయిందట అని ఎవరో బంధువు వచ్చినవాళ్లకు చెబుతున్నాడు. అత్త తల వంచుకుని కూర్చుంది. చెల్లి సంబంధం కోసం ఈమధ్యే కబురు పెట్టిన సోంపేటవాళ్ల పెద్దమ్మ కూడా అక్కడే ఉంది. ఏమీ అనొద్దని నేను సైగ చేస్తూనే ఉన్నాను, అమ్మ నన్ను చూడకుండానే మొదలుపెట్టింది.

"అన్నియ్యకేటయిందో వదిన సెప్పాల, నాను సెప్పను. నా సంగతి సెప్తాను. నాది ఇప్పుడు రెండు పాయింటు ఆరు. ఆ దేశంలో నాను సచ్చిపోకుండా వచ్చినానంటే, ఆ అంకె ఈయన రాయించబట్టే."

అత్త తలెత్తింది. "కిడ్నీయే" అంది. "రెండేళ్లుగా."

సోంపేటవాళ్ల దగ్గర్నుంచి ఇంకా కబురు రాలేదు. వస్తుందో రాదో తెలియదు. నాకు ఆ సాయంత్రం మాత్రం గుర్తుండిపోతుంది. జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే పక్కింటామె, వచ్చే నెల కూతురి పెళ్లి పెట్టుకున్నామె, చప్పుడు కాకుండా లేచి ఇంటికి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి అమ్మ పక్కన చతికిలబడింది. జీడిరసానికి నల్లబడిన వేళ్లతో బొడ్లోంచి కాగితం ఒకటి తీసింది. ఎన్ని మడతలు పెట్టిందో, మడతల దగ్గర చిరిగిపోతోంది. "నాకు సదవడం రాదక్కా. ఏటుందో సూడు" అంది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఆ కాగితాన్ని మోకాలి మీద పరిచి, అరచేత్తో మెల్లిగా సాపు చేయసాగింది.