నేను తుడిచేసిన సంగప్పలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో కంప్యూటర్ డిగ్రీ, మెడలో ఫోటో ఉన్న కార్డు ఉంటే ఎవరికైనా అన్నీ తెలిసిపోతాయి మరి. జహీరాబాద్ దగ్గర ఒక చక్కెర ఫ్యాక్టరీలో నా మొదటి ఉద్యోగం. లోకమంతా చిన్న కంప్యూటర్లకు మారిపోయినా మా యజమానులు మాత్రం ఏనాడో కొన్న మెయిన్‌ఫ్రేమ్‌ను వదల్లేదు. బీరువాలంత ఆ యంత్రానికి ఒక గది, ఆ గదికి రెండు ఏసీలు. బయట లారీల వాళ్ళు చెమటలు తుడుచుకుంటుంటే నేను లోపల స్వెట్టర్ వేసుకుని కూర్చునేదాన్ని. (సాయంత్రం ఆ స్వెట్టర్‌తోనే షేర్ ఆటో ఎక్కి మా ఊరు ఝరాసంగం దాకా పోయేదాన్ని. ఉద్యోగం ఎలాంటిదో పదిమందికీ తెలియాలి కదా.)

ఆ యంత్రంలో ముఖ్యమైనది ఒకటే జాబితా: ఏ రైతు చెరకు ఏ రోజు నరకాలన్నది. అందులో పేరుంటేనే గేటు దగ్గర బండిని లోపలికి వదులుతారు. ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ జాబితాలో సంగప్ప అనే పేరు మళ్ళీ మళ్ళీ కనిపించింది. మా పెద్దసారు సెలవు మీద ఊరికి వెళ్ళారు. (ఆయన కోస్తా నుంచి వచ్చినవారు. దేనికీ తొందరపడరు కాబట్టి చాటుగా నిదానం సారు అనేవాళ్ళం.) ఆయన వచ్చేలోగా జాబితా శుభ్రం చేసి మెప్పు కొట్టేద్దామని, రెండోసారి వచ్చిన పేర్లన్నీ తీసేయమని యంత్రానికి చెప్పాను. అది కిక్కురుమనకుండా తీసేసింది. ఝరాసంగం చుట్టుపక్కల అక్కడి గుడిలోని సంగమేశ్వరుడి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదని దానికి తెలియదు. నాకు తెలుసు. మా తాత సంగప్ప, మా చిన్నాన్న సంగప్ప. అయినా ఆ మధ్యాహ్నం నా బుర్రకు ఆ సంగతి తట్టలేదు, ఏం చెప్పమంటారు.

గురువారం పొద్దున ఒక ముసలి రైతు తలపాగా చేతిలో పట్టుకుని నా గది కిటికీ దగ్గరికి వచ్చాడు.

“బిడ్డా, నిన్ననే చెరుకు కొట్టిచ్చిన. ట్రాక్టర్ గేటు కాడ నిలవెట్టిన్రు. లిస్టుల నా పేరు లేదంటున్రు. జర సూడు.”

“పేరేంది తాతా?”

“సంగప్ప.”

మంగళవారం నేను చేసిన పని అప్పుడు తట్టింది. జాబితాలో ఒకే ఒక్క సంగప్ప మిగిలాడు, వాడెవరో అదృష్టవంతుడు, ఈయన మాత్రం కాదు. నరికిన చెరకు గంట గంటకూ బరువు తగ్గుతుంది. ఆయన ఏడాది కష్టం గేటు బయట ఎండలో ఆరిపోతోంది, నా వల్ల.

అదృష్టం కొద్దీ యంత్రం ప్రతి రాత్రీ జాబితాకు ఒక నకలు తీసి పెట్టేది. మూడే ఉంచేది, కొత్తది రాగానే అన్నిటికన్నా పాతది చెరిగిపోయేది. తెర మీద సున్నా, ఒకటి, రెండు అని మూడు నకళ్ళు కనిపించాయి. లెక్క మొదలయ్యేది సున్నా నుంచే కాబట్టి అదే పాతదని తేల్చేసి (డిగ్రీ ఉంది కదా) సున్నాను దించాను. చూస్తే అందులోనూ అదే ఒంటరి సంగప్ప. ఇక సిగ్గు విడిచి సారుకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన తీరిగ్గా టీ గుటకేసి చెప్పారు.

“సున్నా అంటే నిన్న రాత్రిదమ్మా. నీ తప్పు అందులో భద్రంగా ఉంటుంది. ఒకటిలోనూ అంతే. రెండు అంటే సోమవారం రాత్రిది, అదొక్కటే మంచిది. ఇవాళ రాత్రి కొత్తది వస్తే అదీ పోతుంది. కాకపోతే అది దించావంటే మంగళ, బుధవారాల్లో ఎక్కించినవన్నీ పోతాయి. ఏది కావాలో నువ్వే చూసుకో. కంగారుపడి ఉన్నదాని మీద మాత్రం దించకు. పక్కన వేరే పేరుతో దించి, లెక్కపెట్టుకుని, అప్పుడు మార్చు.”

ఈ ఒక్క తాత పేరు చేత్తో ఎక్కించి పంపేస్తే ఎవరికీ తెలియదన్న ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. రెండో నంబరు దించితే ఆ రెండు రోజుల్లో ఎక్కించిన పేర్ల చీటీలన్నీ గేటు దగ్గర అడిగి తెచ్చుకోవాలి, ఎందుకో చెప్పాలి, ఫ్యాక్టరీ అంతా నవ్వుతుంది. కానీ రేపు ఇంకో సంగప్ప వస్తాడు, ఎల్లుండి ఇంకొకడు, అప్పటికి వాళ్ళను వెతకడానికి ఆ నకలు ఉండదు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

“గిదెవలు జేసిన్రు బిడ్డా?” అని అడిగాడు తాత.

“నేనే తాతా.”

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. “మల్ల నువ్వే పెడ్తవా?”

“పెడ్త. పెట్టేదాంక ఈడికెల్లి లెవ్వ.”

రెండో నంబరును పక్కన దించి సంగప్పలను వేళ్ళ మీద మూడుసార్లు లెక్కపెట్టాను. అందరూ ఉన్నారు, తాత కూడా తన తండ్రి పేరుతో, ఊరి పేరుతో సహా ఉన్నాడు. జాబితా మార్చి, పన్నెండు కొట్టకముందే ఆయన ట్రాక్టర్‌ను లోపలికి పంపించాను. ఆ తర్వాత గేటు గుమాస్తా చీటీల కట్ట తెచ్చి నా ముందు పడేసి, “ఫికర్ జెయ్యకు మేడం, రెండు దినాలయే గద,” అని ముసిముసిగా నవ్వాడు. అన్నం డబ్బా తెరవకుండా సాయంత్రం దాకా కూర్చుని ఒక్కొక్క చీటీ ఎక్కించాను. ఆఖరిది ఎక్కించేసరికి వేళ్ళు వంగలేదు.

ఊళ్ళో నేను దాచుకున్నా తాత దాచలేదు. “గా పిల్లనే తీసింది, గా పిల్లనే మల్ల పెట్టింది,” అని దారిలో కనిపించినవాడికల్లా చెప్పుకుంటూ పోయాడట. ఇక ఆ సీజనంతా చుట్టుపక్కల సంగప్పలెవరూ చెరకు మీద కత్తి పెట్టేముందు నన్ను అడగకుండా ఉండలేదు. కిటికీలోంచి తల పెట్టి, “బిడ్డా, నేనున్ననా?” అనేవాళ్ళు. నేను తెర మీద వేలు పెట్టి చూసి, “ఉన్నవ్ తాతా,” అనేదాన్ని. సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు.

ఇప్పుడు ఆ జాబితా రైతుల ఫోన్లలోకే వస్తుంది, కిటికీ దాకా ఎవరూ రారు. నేనూ పెద్దదాన్నయ్యాను, ఎవరేమడిగినా “చూసి చెబుతాను” అనడం నేర్చుకున్నాను. ఆనాటి ఆ పిల్ల మాత్రం అంత పెద్ద పొరపాటు చేసిన మర్నాటినుంచే, అడిగినవాళ్ళందరికీ ఏమాత్రం తడుముకోకుండా “నువ్వు ఉన్నవ్” అని చెప్పేది. తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ ధైర్యం మీద కాస్త అసూయ కూడా.