తెల్లబడిన అరచెయ్యి

నెల్లూరు బజార్లో గాజుల అంగడి మా ఇంటి మగవాళ్ళు చూసుకునేవారు. గాజుల దండలు కట్టిన మలారం భుజాన వేసుకుని, ఊళ్ళు తిరిగి గాజులు తొడగడం ఆడవాళ్ళ పని. అది పంతొమ్మిది వందల అరవై రెండో, అరవై మూడో, సరిగ్గా గుర్తులేదు. మా అత్తకు మోకాళ్ళు పట్టేయడంతో కోవూరు పక్క ఊళ్ళన్నీ నా వంతుకు వచ్చాయి. నా నోరు పెద్దది, గర్వం అంతకంటే పెద్దది. ఎంత బిరుసు చేతికైనా గాజు చిట్లకుండా ఎక్కిస్తానని ఊరూరా చెప్పుకునేదాన్ని.

ఆ ఊళ్ళలో ఒకచోట ఒక రైతు ఇంటి కోడలు ఉండేది. ఇంచుమించు నా ఈడుదే. పుట్టుకతోనే ఆమె ఒంటి మీద నేరేడుపండు రంగు బుడిపెలు ఉన్నాయి. మెడ మీద రెండు, నాలుక మీద ఒకటి, కుడి మణికట్టు దగ్గర మూడు. నొక్కితే మెత్తగా అణిగిపోయేవి, వదిలితే నెమ్మదిగా మళ్ళీ లేచేవి. గాజు తొడగడానికి నేనొక ఉపాయం కనిపెట్టాను. బుడిపెను బొటనవేలితో అణిచిపట్టి, అది లేచేలోగా గాజు దాటించేయడం. అలా డజను గాజులు ఎక్కించినప్పుడు ఆమె నవ్వి, "మా అమ్మగారింట్లో గూడా ఎవురూ ఇట్ట తొడగలేదక్కా," అంది. ఆ మాట నాలుగూళ్ళలో చెప్పుకుని మురిశాను.

కొన్నాళ్ళకు వాళ్ళ పక్కింట్లో సీమంతం జరిగింది. గర్భిణికి తొడిగాక, వచ్చిన ముత్తైదువలందరికీ తొడగడం ఆనవాయితీ. వరసలో ముందు కూర్చున్నది ఈ కోడలే. ఆమెకు తొడిగి పక్కావిడ చెయ్యి అందుకోబోతే, ఆవిడ వెనక్కి లాక్కుంది.

"దాన్ని పట్టుకున్న చేత్తోనే నన్ను పట్టుకుంటావా? అది పెద్దరోగమో ఏందో ఎవురికి తెలుసు. పోయి చేతులు కడుక్కోని రా."

కడుక్కుని వచ్చాను. అయినా సగంమంది లేచిపోయారు. ఆ కోడలు పిల్ల మాత్రం తల వంచుకుని అక్కడే కూర్చుంది. నాకు ఆమె మీద జాలి కలగలేదు. నా బేరం చెడగొట్టిందని ఒళ్ళు మండింది. ఇప్పుడిది రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

అప్పట్నుంచి ఆమె పిలిచినప్పుడల్లా "నీ సైజు లేదమ్మా" అనేదాన్ని. ఆమె సైజు గాజులు మలారంలో గలగలమంటూనే ఉండేవి.

ఏడాది గడిచింది. ఆషాఢంలో ఒక మధ్యాహ్నం ఆమె వాకిట్లో ఒంటరిగా నిలబడి నన్ను ఆపింది. "గాజులొద్దులే అక్కా. ఒకసారి నా చెయ్యి చూడు," అంది. వీధిలో ఎవరూ లేరని చూసుకుని మరీ పట్టుకున్నాను. ఎవరి చెయ్యయినా పిండి వదిలితే ఒక్క క్షణం తెల్లబడి, వెంటనే ఎరుపు తిరిగొస్తుంది. రోజూ చేతులు పిండే మాకు అది తెలియకుండా ఉండదు. ఆమె అరచెయ్యి పిండకముందే సున్నం కొట్టినట్టుంది. గోళ్ళూ అంతే.

"నాలుగడుగులేస్తే ఆయాసం. దొడ్డికి పోతే తారు మాదిరి నల్లగా పడతా ఉండాది," అంది నేల చూస్తూ. "ఇంట్లో ఒళ్ళొంగదంటా ఉండారు. అత్తతో ఇట్టాంటి మాట నేనెట్ట చెప్పేది? నీ మాటంటే ఆమెకు గురి. ఒంట్లో రక్తం లేదు, ఆస్పత్రికి తీసకపొమ్మని ఒక్క మాట చెప్పరాదా?"

చెప్పొచ్చు. ఆమె అత్త పెరట్లోనే ఉంది. చెబితే, నీకెలా తెలిసిందని అడుగుతుంది. మళ్ళీ ఆ చెయ్యి పట్టుకున్నానని ఊరంతా పాకుతుంది. ముందున్నది శ్రావణమాసం, ఏడాదిలో మాకు కాస్త మిగిలేది అప్పుడే.

"ఎండలకు అట్టనే ఉంటాదిలే అమ్మా. బెల్లం తిను," అని మలారం భుజానికెత్తుకున్నాను.

శ్రావణంలో వెళ్ళేసరికి ఆమె లేదు. నీళ్ళ బిందెతో పడిపోతే బండిలో నెల్లూరు తీసుకుపోయారట, అక్కణ్ణించి మద్రాసు. బతుకుతుందో లేదో తెలియదన్నారు. రెండు నెలలు ఆ వీధి తొక్కలేదు.

తర్వాత ఒక రోజు ఆమె అత్తే కబురు పెట్టి పిలిపించింది. కోడలు అరుగు మీద కూర్చుని ఉంది, చిక్కి సగమైంది.

"బయటుండే బుడిపెలే లోపల పేగుల్లో గూడా ఉండాయంట," అంది అత్త. "అవి రోజూ రవ్వంత రవ్వంత రక్తం కారస్తా వచ్చినాయంట. ఆ రక్తమే దొడ్డికి నల్లగా పడిందంట. సీసాలు సీసాలు ఎక్కించి, పేగు కొంచెం కోసి తీసినారు. అంటేది కాదంట, పుట్టుకతో వచ్చేదంట. డాక్టరు నన్ను అందరి ముందర తిట్టినాడమ్మా. ఇంత తెల్లబడిన చెయ్యి మీలో ఒక్కరన్నా పట్టుకోని చూళ్ళేదా అని. ఎవురూ చూళ్ళేదు సార్ అని మా కోడలే చెప్పింది."

ఆమె నా వైపు చూడలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కిళ్ళవాళ్ళు చూస్తుండగానే మలారం దించి ఆమె చెయ్యి అందుకున్నాను. నేను చూశానని అత్తతో చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె నా వేలు గట్టిగా పట్టుకుని ఆపింది. అత్త లోపలికి వెళ్ళాక గొంతు తగ్గించి అంది.

"ఆ పొద్దు చెప్పుంటే నాకు పనికొచ్చేది. ఇప్పుడు చెప్తే నీ బేరమే పోతాదక్కా."