హ్యాండిల్ కాడ సత్తమ్మ

సత్తమ్మ ఎలాంటిదని మా ఊళ్లో అడిగితే మొండిది అంటారు, మగరాయుడు అంటారు. వాళ్లకేం తెలుసు నా తలకాయ. ఆమె చేను పక్కనే నా చేను. ఎండకూ వానకూ ఆమెను చూసినవాణ్ణి నేను, కాబట్టి నా మాట వినండి.

హాలియా అవతల, సాగర్ కాలువ నీళ్లు ఎక్కని మెట్ట మాది. బోర్లే దిక్కు. నాలుగైదు బోర్లకు కలిపి ఒకటే ట్రాన్స్‌ఫార్మర్. దాని స్తంభానికి ఒక ఇనుప హ్యాండిల్ ఉంటుంది. కిందికి గుంజితే అందరి మోటార్లూ బంద్, పైకి నెడితే మళ్లీ నడుస్తాయి. దానికి తాళం వేసే కొండి ఎప్పుడో ఊడిపోయింది. దాంతో ఎవరికి అవసరమైతే వాళ్లు గుంజేవాళ్లు, ఎవరికి తోస్తే వాళ్లు నెట్టేవాళ్లు.

సత్తమ్మ పెనిమిటి ఐలేశం అందుకే చచ్చిపోయాడు. తన బోరు దగ్గర తెగిన కేబులుకు అతుకు వేసుకుందామని హ్యాండిల్ గుంజి వెళ్లాడు. పత్తి నిలువెత్తు పెరిగి ఉంది, వంగి పని చేసుకునే మనిషి దారిలోంచి కనిపించడు. అవతలి చేను జానయ్య తన మోటారు ఎందుకు ఆగిందా అని వచ్చాడు. హ్యాండిల్ కిందికి ఉండటం చూసి, ఎవరో మరిచిపోయారనుకుని పైకి నెట్టాడు. అంతే. జానయ్య చెడ్డవాడు కాదు, ఆ పని మాలో ఎవరమైనా చేసేవాళ్లమే, చేశాం కూడా. ఐలేశం చేతిలో తీగ ఉన్నప్పుడు చేసింది మాత్రం జానయ్య. సత్తమ్మ అతణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టిపోస్తే మాకందరికీ కొంచెం ఊపిరాడేది.

ఆ తర్వాత హ్యాండిల్ ముట్టాలంటే అందరికీ వణుకే. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలో ఫీజు తీగ కాలిపోతే లైన్‌మన్ రావాలి. పాపం ఆయనొక్కడు, ఊళ్లు బోలెడు. ఆయన వచ్చేలోపు మడి నెర్రెలిచ్చేది. నేను అందర్నీ తిట్టుకుంటూ గొర్ల వెంట పోయేవాణ్ణి. సత్తమ్మ మాత్రం హాలియాలో మోటార్లు చుట్టే మొయినుద్దీన్ దుకాణం ముందు కూర్చుని, ఫీజు వేయడం, తీగలో కరెంటు ఉందో లేదో బుగ్గ పెట్టి, అంటే బల్బు పెట్టి, చూడటం నేర్పమని పట్టుబట్టింది.

"అసలు దాని మీద నేర్సుకుంటె ఒక్కసారే నేర్సుకుంటరు చెల్లె," అన్నాడట మొయినుద్దీన్. "ముందుగాల ఉత్తదాని మీద నేర్సుకో. నేనొచ్చి కట్టిస్త."

అన్నట్టే వచ్చాడు. ఆమె వాకిట్లో రెండు గుంజలు పాతారు. మందు కొట్టే పంపులోని బ్యాటరీ కరెంటు అయింది. విరిగిన పైపు ముక్క హ్యాండిల్ అయింది. పాత చెక్కపెట్టె ఫీజుల పెట్టె అయింది. అందులో మూడు తీగలు, మూడు ఫీజులు, వాటి వెనక ఒక రేకు. హ్యాండిల్ పైకి ఉన్నప్పుడు ఆ రేకుకు చెయ్యి తగిలితే, మూలన పడున్న మోపెడ్ నుంచి పీకిన హారను మోగుతుంది. మోగితే చచ్చినట్టే లెక్క.

మొయినుద్దీన్ అందులో ఒక కిరికిరి కూడా పెట్టాడు. హ్యాండిల్ పూర్తిగా దిగినా ఒక్కోసారి ఒక తీగ మాత్రం కరెంటును వదలదు. "అసలుదాంట్ల గూడ గిట్లనే తుప్పుకు పట్టుకుంటది. హ్యాండిల్ దిగింది గదా అని చెయ్యి పెట్టకు. బుగ్గ వెట్టి సూడు. దానికన్న ముందు బుగ్గ మంచిగున్నదా లేదా సూడు. మాడిపోయిన బుగ్గ అన్ని తీగెలనూ మంచియనే జెప్తది," అన్నాడు.

నేను గోడ మీంచి చూసి నవ్వాను. మనవలను ఆడించే వయసులో ఈ ఆటలేమిటని అన్నాను కూడా. సత్తమ్మ లోపలికి రమ్మని చెయ్యూపింది. ఒక్కరు నేర్చుకుంటే సరిపోదు, పెట్టె దగ్గర ఒకరుంటే హ్యాండిల్ దగ్గర ఇంకొకరు నిలబడాలి, చుట్టూ ఎవరెంత ఒర్లినా, అరిచి గోల చేసినా పెట్టె దగ్గరి మనిషి చెప్పేదాకా నెట్టకూడదు అంది. అదెంత పని అనుకుని హ్యాండిల్ పట్టుకున్నాను. పెట్టెలో ఇంకో బోరు రైతు బీరప్ప చెయ్యి ఉంది. వెనక నుంచి ఎవరో "నా మోటరు ఆగింది, ఎయ్యవయ్యా" అనగానే నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. హారను మోగింది. నవ్వబోయి, సత్తమ్మ మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆ వారమంతా సాయంత్రాలు ఆ వాకిట్లోనే గడిపాను.

జానయ్య మాత్రం లోపలికి రాలేదు, దూరం నుంచే అన్నీ చూసేవాడు. చివరికొకనాడు వచ్చి దడి అవతల నిలబడ్డాడు.

"రా జానయ్యా. హ్యాండిల్ పట్టుకో," అంది సత్తమ్మ. తనే పెట్టె దగ్గర నిలబడింది. ఒర్లాల్సిన మేమంతా ఒర్లడం మరిచి చూస్తున్నాం. ఆమె పెట్టెలో చెయ్యి పెట్టింది. జానయ్య రెండు చేతులా హ్యాండిల్ పట్టుకున్నాడు. చేతులు వణికాయి, భుజాలు వణికాయి, ఆ వణుకుకు హ్యాండిల్ లేచి హారను మోగింది. జానయ్య దాన్ని వదిలేసి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

యాసంగి వరి, రబీ పంట, పొట్ట మీద ఉండగా నిజంగానే ఫీజు పోయింది. లైన్‌మన్ ఎక్కడో కూలిన స్తంభాల దగ్గర ఉన్నాడు, ఎల్లుండి గాని రానన్నాడు. ఇది ఆయన పని, మాది కాదు, ఆ సంగతి మాకు తెలుసు. మడిలో తడి మాత్రం ఆ పూటకే ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నేనూ, సత్తమ్మా, జానయ్యా కలిశాం. సత్తమ్మ పెట్టె వైపు నడిచింది. జానయ్య అడ్డం వచ్చాడు.

"పెట్టెల చెయ్యి నేను పెడ్త. హ్యాండిల్ కాడ నువ్వు నిలవడు వదినె."

"లింగస్వామి మామ నిలవడ్తడు," అంది సత్తమ్మ నన్ను చూపిస్తూ.

"కాదు. నువ్వే."

ఏం మనిషివిరా అని నాకు ఒళ్లు మండింది. ఆమెను అక్కడ నిలబెట్టడం ఏమిటి? సత్తమ్మ పెట్టె దగ్గర నుంచి వెనక్కి తిరిగింది. వచ్చి హ్యాండిల్ గుంజి పట్టుకుంది.

జానయ్య ముందు బుగ్గ మంచిదో కాదో చూడటానికి దాన్ని వెంట తెచ్చుకున్న చిన్న ఇన్వర్టరుకు పెట్టాడు, వెలిగింది. మొదటి తీగకు పెట్టాడు, లేదు. రెండోదానికీ లేదు. మూడోదానికి పెట్టగానే భగ్గున వెలిగింది. జానయ్య పెట్టెకు దూరం జరిగి, మళ్లీ నెట్టి గుంజమన్నాడు. సత్తమ్మ హ్యాండిల్‌ను పైకి నెట్టి, మళ్లీ ఒంటి బరువంతా వేసి కిందికి గుంజింది. పైన ఏదో టప్పుమంది. జానయ్య మళ్లీ మూడూ చూశాడు. ఏదీ వెలగలేదు. అప్పుడు చెయ్యి లోపల పెట్టాడు.

అదే సమయానికి బీరప్ప తన చేనులోంచి కేక వేశాడు. "కరెంటు ఎవలు బంద్ జేసిండ్రు? ఎయ్యుండ్రి." వాడు అప్పుడే చేనుకొచ్చాడు, ఫీజు పోయిన సంగతీ మేమిక్కడ ఉన్న సంగతీ తెలియదు. సత్తమ్మ రెండో చెయ్యి వచ్చి హ్యాండిల్ మీది చేతిని పట్టుకుంది. గుప్పిట బిగిసి వేళ్లు తెల్లబడ్డాయి. ఆమె చూపు జానయ్య వీపు మీద ఉంది. ముందుకు పోయి ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాను. పోలేకపోయాను. నేను ముట్టుకుంటే ఆ చెయ్యి ఎటు కదులుతుందో అని భయపడ్డాను.

"అయింది వదినె," అన్నాడు జానయ్య, పెట్టె మూసి.

ఆమె కదల్లేదు.

"అయింది. ఎయ్యి."

"జర దూరం పో జానయ్యా," అంది. "ఇంక దూరం. ఒడ్డు మీదికి పో."

అతను మడి ఒడ్డు మీదికి వెళ్లి నిలబడ్డాడు. అప్పుడు అంది: "నువ్వు గాడ ఉన్నంతసేపు గీ చెయ్యి మీదికి పోదామనే సూసింది. రెండో చేత పట్టి ఆపిన."

"నాకెరికే వదినె," అన్నాడు జానయ్య. "గందుకే నిన్ను నిలవెట్టిన. ఎత్తుడో ఆపుడో నీ చేతిల వెట్టిన."

సత్తమ్మ హ్యాండిల్ పైకి నెట్టింది. నాలుగు వైపులా మోటార్లు అందుకున్నాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, అతని వైపు చూడకుండానే మాట్లాడింది.

"రేపు మాపటీలి మా వాకిట్లకు రా. నీ చేతుల వణుకు పోయేదాక నేర్సుకో. మల్ల ఫీజు పోతే పెట్టె కాడ నేనుంట, హ్యాండిల్ కాడ నువ్వు నిలవడాలె."

జానయ్య తలూపాడు. సత్తమ్మ పార భుజాన వేసుకుని మడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లింది.